ఇద్దరిలో ఒకరు

తర్లుపాడు,
శనివారం.

నాయనా,

వందనాలు. ఈ ఉత్తరం అమ్మకు కూడా వినబడేటట్లు చదువు. ఫోన్లో చెప్పాలని రెండుసార్లు చూసినాను. నీ గొంతు వినంగానే పెట్టేసినాను.

పోయిన క్రిస్మస్‌కి నేనొక్కదాన్నే వస్తే, "అల్లుడికి అంత గర్వమేంది? మన ఇంటి కూడు సయించదా?" అని అందరి ముందరా అన్నావు. బెన్నీకి గర్వం లేదు నాయనా. పలకల గనిలో మా ఇద్దరినీ ఒకేసారి బయటికి పంపరు. ఒకరు పోతే ఒకరు ఉండాల. అత్త ఆపరేషన్‌కి గని సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నప్పటి నుంచి మూడేళ్ళుగా ఇదే పద్ధతి. అత్త చనిపోతే ఆయనొక్కడే పోయి మట్టి వేసి వచ్చినాడు. నేను షెడ్డులో పలకలు పేరుస్తా ఏడ్చినాను.

ఒకసారి ఆఫీసరొకాయన జీపులో వచ్చినాడు. సావుకారు పక్కన కూర్చుని టీ తాగుతా, "ఇక్కడ ఏమన్నా ఇబ్బందా?" అని మమ్మల్ని అడిగినాడు. సావుకారు మా మొహాల్లోకే చూస్తుంటే ఏం చెప్తాము? "ఏం లేదు సార్" అన్నాము.

పిచ్చమ్మ పెద్దమ్మ ఇంట్లో ప్రార్థన కూడికకని ఇప్పుడు నన్ను మూడు రోజులు పంపినారు. సోమవారం పొద్దున్నకి పోవాల. నేను పోవడం లేదు. నిన్న మార్కాపురం కోర్టులో మా ఆయన్ని విడిపించమని అర్జీ ఇచ్చినాను. పేదోళ్ళకు ఊరికే కోర్టు పనులు చేసిపెట్టే విజయక్క పక్కన కూర్చుని, ఏడో తరగతి చదువుతో నేనే రాసినాను. బెన్నీకి తెలియదు. నేను పోకపోతే ఆయన్ని ఏం చేస్తారో ఏమో.

పనిచ్చినోళ్ళ మీద కోర్టుకు పోతావా అని నువ్వు కోప్పడతావు. కోప్పడు. ప్రార్థన మటుకు మానొద్దు. విజయక్క ఫోన్ నంబరు వెనక రాసినాను.

నీ బిడ్డ
దీవెన


మార్కాపురం,
శుక్రవారం.

నాయనా,

ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ముందు ఆ మాట రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను. నువ్వు తనకు ఫోన్ చేసి అల్లుడి పేరు చెప్పుకుని ఏడ్చినావని విజయక్క చెప్పింది.

సోమవారమే జడ్జి మేడమ్ వారెంటిచ్చి పోలీసులను గనికి పంపింది. మర్నాడు తాళం వేసిన షెడ్డులోంచి ఆయన్ని తెచ్చి కోర్టులో నిలబెట్టినారు. సావుకారుకూ కబురు పోయింది. బంట్రోతు వాకిట్లో నిలబడి "బెన్నీ" అని మూడుసార్లు పిలిచినాడు. తర్వాత అదే గొంతుతో సావుకారును "రంగనాయకులూ" అని మూడుసార్లు. గారు లేదు, సారు లేదు.

మేడమ్ నాకన్నా ఐదారేళ్ళు పెద్దదేమో. సన్నటి మనిషి. ఆమె ముందర సావుకారు చేతులు కట్టుకుని, "మా అన్న బయట కార్లో ఉన్నాడు మేడమ్. ఒక్క నిమిషం మీతో మాట్లాడతాడంట" అన్నాడు. మన పక్కల ఆ అన్న మాట కాదన్నోళ్ళను నేను చూడలేదు.

"ఆయన సాక్షా?"

"కాదు మేడమ్."

"అయితే కార్లోనే ఉండమనండి."

తల కూడా ఎత్తలేదు నాయనా! "ఈమెకు భయం లేదా అక్కా?" అని విజయక్క చెవిలో అడిగినాను.

"ఈమె తప్పు చేస్తే దిద్దేదానికి పై కోర్టు ఉంది పిల్లా. ఈ అన్నలు కాదు."

అడ్వాన్సు పేరుతో మనిషిని పట్టుకునే హక్కు ఎవరికీ లేదని చెప్పి, మేడమ్ బెన్నీని అడిగింది: "మీరు ఎక్కడికి పోవాలనుకుంటున్నారు?"

మీరు అంది.

ఆయన మెల్లగా తల తిప్పి సావుకారు వైపు చూసినాడు. అనుమతి కోసం.

"అటు చూడకండి" అంది మేడమ్. అప్పుడాయన ఆమె వైపు తిరిగి చేతులు జోడించినాడు.

"నన్ను కూడా అడగనక్కర్లేదు. మీ ఇష్టం" అంది మేడమ్.

"తెలీదు మేడమ్" అన్నాడు.

"తెలియకపోయినా పోవచ్చు" అని కాగితం మీద సంతకం పెట్టింది.

మూడు రోజులుగా విజయక్క ఇంట్లో ఉన్నాము. కనిగిరిలో మేస్త్రీ పాల్ రాజు దగ్గర తాపీ పనికి పోదామంటాడు ఈయన. నేను ఇక్కడే ఉండి కుట్టుపని నేర్చుకుంటానంటాను.

"కనిగిరి ఫ్లోరైడు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి" అన్నాను నిన్న.

"ఇక్కడుంటే నీ నోరు మాత్రం బాగా ఉంటదిలే" అన్నాడు.

గట్టిగానే పోట్లాడుకున్నాము. మధ్యలో ఇద్దరమూ ఒకేసారి ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఎక్కడ బతకాలని మేము పోట్లాడుకోవడం ఇదే మొదలు.

ఇంకా తేలలేదు నాయనా. తొందరేం లేదు.

మీ
దీవెన, బెన్నీ