నిశాని నా ఇంటిపేరు కాదు

గోపాల్ బావా,

నువ్వు ఊళ్లో లైబ్రరీ మొదలుపెట్టిన రోజు, సంతకం వచ్చా అని నన్ను ఒక్క మాట అడగలేదు. పదిమంది ముందు నా బొటనవేలు పట్టుకుని వేలిముద్ర వేయించి, రిజిస్టరులో నా పేరు ముందు 'నిశాని' అని రాశావు. ఆ కోపం నీ పాడె మోసేటప్పుడు కూడా తగ్గలేదు.

నీ అరుగు మీది ఒక్క బీరువా ఇప్పుడు మూడు గదులైంది. ఆత్మకూరు నుంచి కూడా పిల్లలు చదువుకోవడానికి వస్తున్నారు. మొదటి సభ్యుల పేర్లు గోడ మీద రాయించారు. నా పేరు నేనే కూడబలుక్కుని చదివాను. 'నిశాని బాలయ్య' అని ఉంది!

లైబ్రరీ చూసుకునే సుజాతను నిలదీశాను.

"గా నిశాని మీ ఇంటిపేరనుకున్న తాతా!"

"వేలిముద్రను నిశాని అంటరు. గింత సదివినవు, గది తెల్వదా?"

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "గోడ మీద తుడిపిస్త తీ. రిజిస్టర్‌ల గోపాల్ సార్ రాసింది ఎవరు తీస్తరు?"

శుక్రవారం కొత్త గదుల ప్రారంభం. ఆ రిజిస్టరును అందరికీ కనిపించేలా అద్దాల బీరువాలో పెడతారట. ఇవాళ మూడుసార్లు వెళ్లి చూసొచ్చాను. నీ రాత మీద చెయ్యి వేయడానికి నాకూ మనసొప్పలేదు.

నువ్వే వచ్చి ఆ మాట కొట్టెయ్యి. పక్కన నా సంతకం నేను పెడతాను. వస్తావా, రావా? గురువారం పొద్దుగూకేలోపు చెప్పు.

బాలయ్య