నూట నలభై చొక్కాల దూరం

మార్చి 4

ఏ రోజుది ఆ రోజు తేదీ వేసి రాయించుకుని రా, అప్పుడు చూద్దాం అన్నాడు పోలీసు స్టేషన్ రైటరు. నాకు అక్షరం ముక్క రాదు. కోడలు రాస్తోంది. ఒక్క మాట మెత్తబరిచినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా అమ్మాయి నిన్న విమానం ఎక్కింది. పరాయి దేశంలో పెద్ద హోటలు, బట్టలు ఇస్త్రీ చేసే ఉద్యోగం అని ఏజెంటు పంపాడు. మూడు వేల కిలోమీటర్లు, నాలుగే గంటలు, కునుకు తీసి లేచేసరికి దిగిపోతుందన్నాడు.

నిన్న పొద్దున నా ఇస్త్రీ గదిలో ఫోను మోగింది. ఎక్కేశానమ్మా, తలుపు వేస్తున్నారు అంది. ఫోను పెట్టి మొదటి చొక్కా పరిచాను. నా గదిలో గడియారం లేదు. ఉన్నా చూడటం రావాలి కదా. నలభై ఏళ్లుగా నాకు గంటంటే ఇరవై చొక్కాలు. అది దిగిందని వినేదాకా కూర్చోకూడదనుకున్నాను. మంచినీళ్లు కూడా ఇస్త్రీ పెట్టె వదలకుండానే తాగాను.

పక్క సీటామె ఫోను అడుక్కుని, దిగానమ్మా, ఇప్పుడే తలుపు తీశారు అని అది చేసేసరికి నూట నలభయ్యో చొక్కా మడుస్తున్నాను. ఎక్కడున్నావే అనేలోపు కట్టయింది.

ఏడు గంటలు. నాలుగు కాదు. ఆ తర్వాత ఫోను లేదు.

మార్చి 5

ఏజెంటు ఆఫీసుకు వెళ్లాను. కుర్చీలో ఊగుతూ నవ్వాడు. అక్కడి గడియారం మనకన్నా మూడు గంటలు ముందు మామ్మా, అందుకే నీకు ఏడనిపించింది అన్నాడు. నా కోడలూ తలూపింది. చదువుకుంది కదా! (ఈ ముక్క రాయనంది. రాయించాను.)

గడియారం ముందుకు పోతే పోనీ, నేను ఇక్కడే నిలబడి చేసిన చొక్కాలు ఎక్కడికి పోతాయిరా అన్నాను. కుర్చీ ఊగడం ఆగింది. నా వైపు కాదు, తలుపు వైపు చూశాడు.

మార్చి 6

ఫోను లేదు.

మార్చి 8, మధ్యాహ్నం

చొక్కాల లెక్క మీద కేసు పెడితే జడ్జి నన్ను ఉతికి ఆరేస్తాడు ముసలమ్మా అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆరేస్తే ఇస్త్రీ నేను చేస్తాలే, ముందు ఒక పెట్టె తెప్పించు, గడియారం నువ్వే చూడు అన్నాను.

స్టేషన్లో ఉన్న చొక్కాలన్నీ తెచ్చి బల్ల మీద పోశారు. కానిస్టేబుళ్లు పకపకలాడుతూ చుట్టూ చేరారు. నేను తల ఎత్తలేదు. ఇరవయ్యోది మడిచి పెట్టె నిలబెట్టాను. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. గంటకు ఒక్క నిమిషం తక్కువ. ఎవరూ నవ్వలేదు.

లేచి గోడ మీది ప్రపంచ పటం దగ్గరికి వెళ్లాడు. ఏడు గంటలంటే అయిదు వేల కిలోమీటర్ల పైమాటే అన్నాడు. ఏజెంటు చెప్పిన ఊరి మీద వేలు పెట్టాడు. అక్కడి నుంచి జరిపాడు. జరుపుతూ జరుపుతూ సముద్రం దాటించాడు. వేలు ఎక్కడా ఆగలేదు.

మార్చి 9

ఏజెంటు ఆఫీసుకు తాళం. బోర్డు పీకేశారు. గోడకు నాలుగు మేకుల కన్నాలు.

మార్చి 11, ఉదయం

ఫోను. అదే. గొంతు అణచుకుని, మళ్లీ విమానం ఎక్కించారమ్మా, తలుపు వేస్తున్నారు అంది. కట్టయింది.

ఇంక రాయకు కోడలా, స్టేషనుకు పరుగెత్తు. మొదటి చొక్కా పరిచాను.