పిడి మీద కాలు

ఎమ్మిగనూరు
14-11-1957

అక్క దేవమ్మకు తమ్ముడు సుంకప్ప దండాలు పెట్టి రాసుకున్నది. నేను ఇక్కడ తిని తిరిగేంత బాగానే ఉన్నాను. డ్యాము దగ్గర నువ్వూ, బావా, పిల్లలూ అంతే బాగా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ జాబు ముందు ఆదోనికి పోయి, అక్కడ నాలుగు రోజులు పడుండి, తర్వాత నన్ను వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది. ఎమ్మిగనూరు ముద్ర చూసి నీకు అనుమానం వస్తుంది. ఆ సంగతి కింద రాస్తాను. ముందు నువ్వు అడిగినవి. కడుపునొప్పి తగ్గింది. సజ్జరొట్టె నేనే కాల్చుకుంటున్నాను, సగం మాడుతుంది, తింటున్నాను. బావను సిమెంటు దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పు, దగ్గుకు అదే మందు. పెద్దదాన్ని బడి మాన్పించవద్దు. అంగళ్ల మీది బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాడి కష్టం నాకు తెలుసు.

ఇక, ఆదోనిలో మిల్లు సావుకారు ముందు నోరు అదుపులో పెట్టుకున్నావా అని అడిగావు. పెట్టుకోలేదు అక్కా.

మిల్లులో ఒక పాత పికప్పు ఉంది కదా, యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ల వేలంలో సావుకారు కొన్నది. పైన రేకు కప్పు, పక్కలకు చెక్కలు. సరుకు ఎక్కించాలన్నా దించాలన్నా వెనక తలుపు ఒక్కటే దారి. దాని మధ్యలో ఇనుప పిడి ఉంటుంది. అది తిప్పితే లోపల రెండు ఊచలు కదిలి, రెండు పక్కలా గడియలు వదులుతాయి. దసరాకు ఆయుధపూజ చేసి ఆ పిడికి కూడా పసుపు రాసి కుంకుమ పెట్టాం. పూజ అయిన నాలుగో రోజున పత్తిగింజల బస్తాలు వేసుకొని బండి ఎమ్మిగనూరు వచ్చింది. ఇక్కడ పిడి తిరగలేదు. ఎంతమంది పట్టినా కదల్లేదు. ఎక్కించిన బస్తాలు ఎక్కించినట్టే తిరిగి ఆదోనికి పోయాయి.

బండితో వెళ్లిన గుమాస్తా గోవిందు దిగీ దిగకముందే సావుకారుకు కారణం చెప్పేశాడు. రేకు మీద వేసిన ఖాళీ సంచులకు తాడు కట్టడానికి హమాలీ మాదన్న ఆ పిడి మీద కాలు పెట్టి ఎక్కాడట. అమ్మవారి బొట్టున్న పిడి మీద చర్చి పక్క ఇళ్లవాడి కాలు పడింది కాబట్టి పట్టేసిందట. పైకి ఎక్కాలంటే ప్రతి హమాలీ అక్కడే కాలు పెడతాడు. ఆ మాట ఎవరూ అనలేదు. నేను కూడా అప్పుడు అనలేదు. మాదన్నను ఆ పూటే పనిలోంచి తీసేశారు.

పిడి బాగుచేసే పని నాకు చెప్పారు. తలుపు రాదు కాబట్టి డ్రైవరు సీటు వెనక కిటికీలోంచి దూరి, బస్తాల మీద పాకి, తలుపు దగ్గరి నాలుగు బస్తాలు పక్కకు నెట్టి కూర్చున్నాను. తలుపు లోపలివైపు రేకుకు ఆరు మరలు, ఆరూ తుప్పు పట్టాయి. కిరసనాయిలు పోసి ఒక పూట నానబెట్టి విప్పాను. ఊచలు బాగున్నాయి, స్ప్రింగు బాగుంది. పిడి వెనక తిరిగే బిళ్ల చుట్టూ మాత్రం లక్క పోసినట్టు ముద్ద గట్టిపడి ఉంది. ఉలితో గీరి చేతిలో వేసుకొని చూశాను. వేరుశనగ నూనె, దానికి అంటిన దూది నూగు, ఏటేటా రాసిన పసుపు కుంకుమ. అదంతా నాలుగు రోజుల్లో పేరుకునేది కాదు.

ఆ నూనె పోసింది నేనే అక్కా. రోజూ చేసిన పని రాసుకునే నా పుస్తకం తీసి చూశాను. నాలుగేళ్లుగా ప్రతి శనివారం ఒకే మాట, పికప్పు పిడికి నూనె. మిషను నూనె పత్తి నుంచి గింజలు తీసే జిన్నులకే చాలదని, గానుగ నుంచి తెచ్చిన వేరుశనగ నూనె పోస్తూ వచ్చాను. అది ఆరితే జిగురవుతుందని నాకు తోచలేదు. శ్రద్ధగా చేస్తున్నాననుకొని నా చేతులతో నేనే చెడగొట్టాను.

అంతా కడిగి, గ్రీజు పెట్టి, ఆ ముద్దనూ పుస్తకాన్నీ తీసుకుపోయి సావుకారు ముందు పెట్టాను. ఆయన చదివాడు. చదివి, పుస్తకం మూసి, ఈ మాట ఇక్కడే వదిలెయ్యమన్నాడు. నలుగురిలో ఒకణ్ణి తీసేశాక మళ్లీ పిలిస్తే తన మాటకు విలువ ఉండదన్నాడు. అంతగా అయితే శుక్రవారం పూజారిని పిలిపిస్తాను, మాదన్న వచ్చి బండికి మొక్కి తప్పయిందని చెంపలు వేసుకుంటే మళ్లీ పనిలోకి రానిస్తానన్నాడు.

మాదన్న ఇంటికి పోయి, వద్దని చెప్పాను.

"నీకేమన్నా, ఒంటోడివి. నాకు ముగ్గురు బిడ్డలుండారు. మొక్కితే నాదేం పోతాది?" అన్నాడు.

అతని భార్య ఉచ్చీరమ్మ చేట పక్కన పెట్టి నన్నే చూసింది. నేను లేచి వచ్చేశాను.

ఇంతవరకూ రాసి ఒక రోజు ఆగాను. అమ్మవారంటే నీకు ఎంత భక్తో తెలుసు కాబట్టి ఆగాను. ఇప్పుడు రాస్తున్నాను, తిడితే తిట్టు.

శుక్రవారం బండి కడిగి, పిడికి కొత్తగా బొట్టు పెట్టి మిల్లు వాకిట్లో నిలబెట్టారు. పూజారి, సావుకారు, గోవిందు, హమాలీలంతా ఉన్నారు. మాదన్న తలగుడ్డ తీసి ముందుకు వచ్చాడు. నేను అతనికి అడ్డం పోయాను. చెప్పులు విడిచి, ఆ బొట్టున్న పిడి మీద నా కాలు పెట్టి రేకు మీదికి ఎక్కాను. మళ్లీ అదే పిడి మీద కాలు పెట్టి దిగాను. ఒక్క వేలితో తిప్పాను. తలుపు కిందికి వాలింది.

"నా కాలూ పెట్టినా. యాడ పట్టేసిందో సూపియ్యండి. తప్పు నూనెది. ఆ నూనె పోసినోణ్ణి నేను" అన్నాను.

పూజారి పళ్లెం పట్టుకొని పక్కనే ఉన్న సావుకారు ఇంట్లోకి పోయాడు. సావుకారు పిడి వైపు చూసి, మాదన్న వైపు తిరిగాడు.

"మాదన్నా, పోయి బస్తాలెత్తుపో. సుంకప్పా, నువ్వు మాత్రం రేపట్నుంచి ఈ గేటు తొక్కొద్దప్పా" అన్నాడు.

నువ్వు ఆయన భార్యను నెల రోజులు బతిమాలి పెట్టించిన పని అలా పోయింది. నీ మాట పోయిందే అన్న బాధ తప్ప నాకు వేరే బాధ లేదు. ఇప్పుడు ఇక్కడ నీళ్లింజన్లు బాగుచేసే షెడ్డులో ఉన్నాను. ఇది తెలిస్తే పోయి సావుకారు కాళ్లు పట్టుకోమంటావు. పట్టుకోను. నూనె సంగతి ఎవరు అడిగినా నాదే తప్పని చెబుతాను. కాలు పెట్టినందుకు మాత్రం ఎవరికీ చెంపలు వేసుకోను, నీకు కూడా.

నిన్న ఆ పికప్పు మా షెడ్డు ముందే ఆగింది. మాదన్న తాడు విప్పడానికి పిడి మీద కాలు పెట్టి రేకు మీదికి ఎక్కాడు. గోవిందు పక్కనే నిలబడి బస్తాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

పిల్లలకు నా ముద్దులు. కోపం తగ్గాక జాబు రాయి, తగ్గకపోయినా రాయి.

ఇట్లు,
నీ మాట వినని తమ్ముడు,
సుంకప్ప