పాఠం గంట ఎవరిది?

ఆదోని,
మార్చి 1957

ఎమ్మిగనూరులోని మామగారికి నమస్కారాలు. మీ అమ్మాయి విశాలాక్షి, నేను కులాసాగా ఉన్నాము.

మీ జాబు అందింది. కాలేజీకి కొత్త గదులు కట్టాలని, మార్కెట్టుకు వచ్చే ప్రతి బండి దగ్గరా కొంత పత్తి చందాగా వసూలు చేసే పని కాలేజీ కమిటీ మా లెక్చరర్లకు పురమాయించింది. అదీ పాఠాల వేళ! నేను ఒక్కరోజు వెళ్లి మానేశానని, కమిటీ సభ్యులైన మీకు తలవంపులు తెచ్చానని రాశారు. ఉద్యోగం ఇప్పించింది మీరే. మరిచిపోలేదు.

ఆదివారం పిలవండి, వస్తాను. సెలవు నాది కనుక ఇస్తాను. పాఠం గంట పిల్లలది. వాళ్లది తీసి మీకెట్లా ఇచ్చేది? ఉద్యోగం తీసేస్తారట. తీసేస్తే యూనివర్సిటీకి ఫిర్యాదు రాసుకుంటాను. అది నా హక్కు.

ఎందుకు మానేశానో చెబుతాను. ఆ రోజు కోసిగి రైతు మౌలాలి పత్తి ఇస్తూ నన్ను గుర్తుపట్టాడు. వాళ్లబ్బాయి నా క్లాసే.

"సారూ, మీరు ఈడ నిలబడితే ఆడ మా పిల్లోనికి పాఠం సెప్పేదెవురు?" అన్నాడు.

దానికి జవాబు మీరు రాసి పంపండి. మౌలాలికి చదివి వినిపించి, ఆ మరునాడే మార్కెట్టుకు పోతాను.

మీ అల్లుడు