రిజర్వులోనే నడిచిన మన బండి

కడప
నాయనకు భూపేష్ దండాలు. బండీ నేనూ క్షేమం. ఫోన్‌లో చెబితే సగంలోనే అరుస్తావని కార్డు రాస్తున్నాను.

పోయిన వారం బండి మళ్ళీ ఆగింది. మైదుకూరు దాటాక, మిట్టమధ్యాహ్నం. వెనక కూర్చున్న నా స్నేహితుడు అష్రఫ్, "రిజర్వుకు తిప్పప్పా" అన్నాడు.

"రిజర్వులోనే ఉండాది."

"ఎప్పట్నుంచి?"

"మా నాయన కొన్నప్పట్నుంచి."

"అయితే దిగప్పా, తోద్దాం."

సంగటి కుండలో మాదిరే ట్యాంకులోనూ అడుగుది చిక్కగా ఉంటుందనీ, రిజర్వులో పెడితే బండికి బలమనీ నువ్వు కనిపెట్టిన సిద్ధాంతాన్ని బంకు దాకా తోస్తూ వాడికి విన్నవించాను. వాడు నవ్వాపుకోలేక తోయడం మానేశాడు. నాయనా, పెట్రోలంతా ఒకటే. ట్యాంకు కిందుండే పెట్రోలు ట్యాపు ఆన్‌లో ఉంటే అడుగున కొంత మిగిలుండగానే బండి దగ్గుతుంది. అప్పుడు రిజర్వుకు తిప్పి బంకు చేరాలి, నింపుకున్నాక మళ్ళీ ఆన్‌కు తిప్పాలి. మనం ఆ మిగులు కూడా ముందే తాగించేసి, చెప్పాపెట్టకుండా ఆగుతుందని దాన్నే తిట్టాము.

ఇంకోసారి ఆగితే పాత ఇనుముకు వేస్తానన్నావు. ఆ తీర్పు రద్దు చేయవలసిందిగా ప్రార్థన. ఊరూరా తిరిగి సోలార్ మోటార్లు బాగుచేసే ఈ ఉద్యోగం బండి లేకుంటే నిలవదు. ఆన్‌లో పెట్టినప్పటి నుంచీ అది నన్ను నడిరోడ్డున వదలలేదు.

కంది పూతకొచ్చిందా? చెల్లెలు తనూజ పరీక్షలెప్పుడు? అమ్మను శెనక్కాయల పొడి చేయమను, కారం తగ్గించకుండా.

ఆదివారం ఆ పొడి తీసుకుని బస్సులో రా. ఈడ బండి నువ్వే నడుపు, నేను వెనక కూర్చుంటాను. ట్యాపు మీద చెయ్యి మాత్రం నాది.

నీ కొడుకు
భూపేష్