ఉంగరపు వేలి చుక్కలు

బందరు, ఆదివారం

మొటిమల మాత్రల కోర్సు అయిపోయింది. బుగ్గల మీద సన్నటి గుంటలు మాత్రం మిగిలాయి. "వాటికి సూదులతో ట్రీట్‌మెంట్ ఉందమ్మా, కానీ తొందరొద్దు. ముందు చర్మాన్ని కాస్త కోలుకోనీ. అప్పటిదాకా సన్‌స్క్రీన్ మానకు, ఇంకేమీ పూయకు," అన్నారు నిన్న డాక్టరుగారు.

ఆ మాట మనసులో పెట్టుకునే ఇవాళ అవనిగడ్డ వెళ్లాను. అమ్మమ్మ అప్పటికే సానరాయి కడిగి పెట్టింది. ఇంటర్ రోజుల్లో సెలవులకి వెళ్తే చాలు, ఇదే తంతు. పాలచుక్కతో జాజికాయ అరగదీసి, ఉంగరపు వేలితో మొటిమ మొటిమకీ ఓ చుక్క పెట్టేది. ఆరేదాకా నవ్వకూడదు. మావయ్య కావాలనే నవ్వించేవాడు. ఒక్క మొటిమా తగ్గలేదు. కానీ ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు నిద్ర ముంచుకొస్తుంది.

"ఇది తప్ప ఇంకేం రాయొద్దన్నారు అమ్మమ్మా," అని సన్‌స్క్రీన్ ట్యూబు చూపించాను. చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను.

"సరే, అదే ఇటియ్యి," అంది.

అమ్మమ్మకి ఇప్పుడు చూపు ఆనడం లేదు. నా బుగ్గలు తడుముతూ, గుంట తగిలిన చోటల్లా ఆగి ఒక్కో తెల్ల చుక్క పెట్టింది. ముఖమంతా పులమాలని చెప్పబోయి ఊరుకున్నాను.

"నవ్వకే, ఆరనీ!" అంది.

ఆ చుక్కలతోనే బస్సెక్కాను. ఎవరేమనుకుంటే నాకేం?

ఇందాక ముఖం కడుక్కుంటుంటే అనిపించింది. ఈ గుంటలు పూడ్చేసుకుంటే, మళ్లీ వెళ్లినప్పుడు అమ్మమ్మ వేలు నా బుగ్గ మీద ఎక్కడ ఆగుతుంది?