రాతిగోడ పక్క బటర్‌నట్ చెట్టు

సెప్టెంబర్ 14
బటర్‌నట్ రాలడం మొదలైంది. చెట్టు రాతిగోడని ఆనుకుని ఉంది. గోడకి ఇవతల నేను, అవతల వెండెల్. ఎవరి వైపు రాలిన కాయలు వాళ్లవి. మా నాన్నల నాటి రూలు.

ఈ ఏడు విరగకాసింది. అక్టోబర్‌లో చర్చి సప్పర్‌కి, అదే ఊరందరి విందుకి, అమ్మ నేర్పిన బటర్‌నట్ కేకు నేనే చెయ్యాలి. ఈ కాయలు కొట్టి తీసిన పప్పు రెండు కప్పులు కావాలి. అక్రోటుకి చుట్టమే గానీ, దీని పెంకు సుత్తికి కూడా లొంగదు.

సెప్టెంబర్ 17
నిన్న సాయంత్రం నా వైపు గడ్డి కనపడనన్ని కాయలు. పొద్దున లేచి చూస్తే పదకొండు.

సెప్టెంబర్ 18, పొద్దున 6
మూడు. ఉడతలైతే అక్కడే కొరికి తొక్కలు పారేసి పోతాయి. ఇది రెండు కాళ్ల ఉడత.

సెప్టెంబర్ 19
ప్లాన్ తట్టింది. పచ్చి తొక్క రసం చేతికి అంటితే రెండు వారాలు వదలదు. సబ్బుకి పోదు, కిరసనాయిలుకీ పోదు. దొంగ ఎవరైనా ఆదివారం చర్చికి రాక తప్పదు.

సెప్టెంబర్ 21, ఆదివారం
చర్చి గుమ్మంలో నిలబడి అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాను. ఏమిటి ఆల్టా, ఇవాళ ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది అంది పాస్టర్ గారి భార్య లొరేనా. అందరి చేతులూ తెల్లగానే ఉన్నాయి.

చివర్లో వెండెల్ వచ్చాడు. ఉన్ని గ్లవ్స్! జనం ఉక్కకి విసురుకుంటుంటే ఈయనకి ఉన్ని గ్లవ్స్. కీళ్లనొప్పులు అన్నాడు. ఏదీ చూడనీ అని ఒకటి లాగేశాను. మణికట్టు దాకా కాఫీ రంగు.

మెట్ల మీదే దులిపేశాను. నలభై ఏళ్లు నా కేకు తిని, చివరికి నా కాయలకే ఎసరు పెడతావా, సిగ్గు లేదా ముసలోడా అన్నాను. గ్లవ్ మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి రెండు ప్లేట్లు తిన్నాను. చాలా రోజులకి ఆకలేసింది.

సెప్టెంబర్ 22
నా కాయలు తెచ్చుకుందామని బకెట్ పట్టుకుని వాళ్ల కొట్టానికి వెళ్లాను. ఇసుక నింపిన చెక్క పెట్టెలు, పైన ఎలుకలు దూరకుండా వైరు జాలీ. ఇసుకలో వరసగా కాయలు.

వెండెల్ తల గోక్కుంటూ చెప్పాడు. జూలైలో అడవి శాఖ ఫారెస్టర్ వచ్చి మా చెట్టుని చూశాడట. బెరడంతా నల్లటి పుళ్లు, క్యాంకర్ అనే చెట్ల జబ్బు. మందు లేదట. మహా అయితే రెండేళ్లు బతుకుతుందట. అందుకే చలికాలమంతా ఇసుకలో ఉంచి వసంతంలో మొలకెత్తిద్దామని ఏరాడట. వందకి పది మొలిస్తే గొప్పట, తన వైపువి చాలలేదట.

మరి నాకెందుకు చెప్పలేదు అని అరిచాను. నీకు ఆ మాట చెప్పే ధైర్యం నాకెక్కడిది ఆల్టా, దొంగ అనిపించుకోవడమే తేలికనిపించింది అన్నాడు.

ఖాళీ బకెట్‌తో వచ్చేశాను. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అంతమందిలో అన్నన్ని మాటలు అన్నాను.

సెప్టెంబర్ 23
బెరడు చూశాను. నిజమే.

సెప్టెంబర్ 26
మిగిలినవి ఇద్దరం కలిసి ఏరాం. కేకుకి రెండు కప్పులకి సరిపడా తీసుకుపో అన్నాడు వెండెల్. నోరు మూసుకుని ఇసుక పొయ్ అన్నాను. ఎంత లోతున పెట్టాలన్న దాని మీద గంట సేపు పోట్లాడుకున్నాం. ఆయన రెండు అంగుళాలు అంటాడు. నేను మూడు. సగం పెట్టెల్లో రెండు, సగం పెట్టెల్లో మూడు.

అక్టోబర్ 25
సప్పర్‌కి ఆపిల్ పై చేసి పట్టుకెళ్లాను. కేకేదీ అని ఊరంతా అడిగింది. వెండెల్ బాగాలేదు బాగాలేదంటూనే మూడు ముక్కలు తిన్నాడు.

మే 19
పందొమ్మిది మొలిచాయి. కాపుకి ఇరవై ఏళ్లు పడుతుందట. అప్పటికి నాకు తొంభై ఒకటి. కేకు నమలడానికి పళ్లుండాలిగా, పళ్ల డాక్టరుకి ఫోన్ చేసి గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.